నర్సు చదువు – పై మెట్లు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు తాలీమ్ గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. తాలీమ్ అంతా ఒక్క పూటలో చెప్పగలిగేది కాదు. కావున అందులో ఒక్క పాయ తీసుకొని దాని గురించే మాట్లాడదలచాము. అది నర్సు చదువు. నర్సు చదువంటే అందరికీ తెలిసిందే కదా అనుకోవద్దు. తెలిసింది కింది మెట్టు మాత్రమే. పైన ఎన్ని మెట్లున్నాయో, ఏ మెట్టుకు ఏం అడుగుతారో మన ఇండ్లలో తెలిసినవారు బహు తక్కువ. పైది తెలియకపోవడం వల్లనే కింది మెట్టు తప్పుగా ఎక్కుతున్నాము.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులు మా ఇంటి ముందర చెప్పులు నిండుతాయి. వచ్చిన వారిలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే. "సార్, పిల్లకు ఏదైనా నర్సు ట్రైనింగు చెప్పండి, జల్ది నౌకరి వచ్చేటట్టు ఉండాలె." ఆ 'జల్ది' అన్న మాట దగ్గరే చిక్కంతా ఉన్నది. జల్ది కావాలనేవారి కోసమే బస్టాండు గోడల మీద కాగితాలు అంటించి ఉంటాయి. ఆరు నెలల్లో నర్సు, ఏడాదిలో నర్సు, హాజరు అక్కర లేదు, ఉద్యోగం గ్యారంటీ.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాము. ఊరు, పేరు వద్దు. పదో తరగతి తరువాత అటువంటి ఒక ఏడాది కోర్సులో చేరింది. తండ్రి మేకలు అమ్మి ఫీజు కట్టాడు. అందమైన సర్టిఫికెట్టు ఇచ్చారు. ఒక ప్రైవేటు దవాఖానలో ఆరేండ్లు పనిచేసింది. సూది వేసింది, సెలైన్ ఎక్కించింది, కాన్పులకు నిలబడింది, రాత్రి డ్యూటీలు చేసింది. పనిలో ఆమెకు వంక పెట్టినవారు లేరు. సర్కారు స్టాఫ్ నర్సు పోస్టులు పడ్డప్పుడు దరఖాస్తు పెడదామని మా దగ్గరికి వచ్చింది. ఫారంలో మొదటి గడియే 'నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు'. ఆమెకు ఆ నంబరు లేదు. ఆ కోర్సుతో ఎన్నటికీ రాదు. ఆరేండ్ల పని కాగితం మీద సున్నా అయింది. 2024 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఒకే సభలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి టీవీ ముందు కూర్చుని చూసింది. ఇది ఒక్క ఇంటి కథ అయితే ఈ వేదిక మీద ఎత్తేవాళ్ళము కాము.

ఇక మెట్ల సంగతికి వస్తాము.

మన దేశంలో నర్సు చదువుకు ఒక కొలత పెట్టినది 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం. ఆ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. బోర్డు పేరు మారినా సూత్రం మారలేదు. గుర్తింపు ఉన్న సంస్థలో చదవాలి, రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఈ రెండూ లేనిదాన్ని నర్సు చదువని ఎవరూ అనరు.

అందరికంటె కింది మెట్టు ఏ.ఎన్.ఎం. ఇంటర్ తరువాత రెండేండ్లు. ఊళ్ళో మనం 'నర్సమ్మ' అని పిలిచేది ఈమెనే. దాని పైది జి.ఎన్.ఎం., మూడేండ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, ఇంగ్లీషు ఉండి 40 శాతం మార్కులుండాలి, వయస్సు 17 నుంచి 35 లోపు. ఆ పైది బి.ఎస్సీ. నర్సింగు, నాలుగేండ్లు. దీనికి ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి, 45 శాతం మార్కులు. మన రాష్ట్రంలో ఎప్‌సెట్ ర్యాంకు చూసి, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వారు సీట్లు కేటాయిస్తారు. (ఉర్దూ చక్కగా వచ్చిన కాళోజీ గారి పేరు మీద ఉన్న విశ్వవిద్యాలయం గడప తొక్కడానికి మన ఉర్దూ మీడియం పిల్లలు జంకడం మాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.)

ఇక్కడే తల్లిదండ్రులు చెవి పెట్టాలి. పదో తరగతి అయిన తెల్లారి పిల్లను సి.ఇ.సి.లోనో హెచ్.ఇ.సి.లోనో చేర్పిస్తున్నాము. ఎందుకంటే సైన్సు కష్టం, ట్యూషను ఖర్చు, కాలేజీ దూరం. ఆ పిల్లకు జి.ఎన్.ఎం. దారి తెరిచే ఉంటుంది గానీ బి.ఎస్సీ. తలుపు ఆనాడే మూసుకున్నది. ఎవరు మూశారు? పిల్ల కాదు. ఆమెకు పదిహేనేండ్లు. తరువాత ఆమె దవాఖానలో ఎంత తెలివి చూపినా, చుట్టు తిరిగి రావలసిందే. చుట్టు దారి ఉన్నది, లేదని కాదు. జి.ఎన్.ఎం. అయి రిజిస్ట్రేషన్ ఉన్నవారు రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదువవచ్చు. మూడూ రెండూ అయిదేండ్లు పడుతుంది, నాలుగేండ్లది అయిదు అవుతుంది, అంతే. ఎక్కడ ఆగిపోయినవారైనా ఈ దారిన పైకి రావచ్చును.

బి.ఎస్సీ. అయినాక ఏమిటి? ఇంతవరకు మన ఇండ్లలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. పిల్ల బి.ఎస్సీ. అయితే చాలు, అల్‌హమ్దులిల్లాహ్, పెండ్లి చేద్దామంటాము. కాని అసలైన మెట్లు ఇక్కడే మొదలవుతాయి.

ఒకటి ఎం.ఎస్సీ. నర్సింగు. రెండేండ్లు. బి.ఎస్సీ.లో 55 శాతం మార్కులు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, పైగా ఒక ఏడాది పనిచేసిన అనుభవం ఉండాలి. శాఖలు అయిదు. మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగు, ప్రసూతి – స్త్రీ వ్యాధులు, మానసిక ఆరోగ్యం, సమాజ ఆరోగ్యం. మన దేశంలో ఈ మాస్టర్స్ చదువు మొదలైంది 1959లో, ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కాలేజీలో. అదే కాలేజీలోనూ, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ 1946లో బి.ఎస్సీ. మొదలైంది. ఎం.ఎస్సీ. చేసినవారు ఎక్కువగా పాఠాలు చెప్పేవైపు, అజమాయిషీవైపు పోతారు. నర్సింగు కాలేజీలో లెక్చరరు కావాలంటే ఇది కావలసిందే. ఆ పైన పి.హెచ్‌డి. ఉన్నది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళము గనుక మాకు ఈ దారి మీద కొంచెం పక్షపాతం ఉన్నదని ఒప్పుకుంటాము.

రెండో దారి వేరు. రోగి మంచం పక్కనే ఉండి పైకి పోవడం. దీనిని నర్స్ ప్రాక్టీషనర్ దారి అంటున్నారు. మామూలు నర్సు డాక్టరు రాసింది చేస్తుంది. ఈమె రోగిని తానే పరీక్షించి, ఏ పరీక్షలు చేయించాలో ఆలోచించి, నిర్ణయించిన నియమావళి లోపల మందు కూడా నడిపిస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్' అని రెండేండ్ల పోస్ట్ గ్రాడ్యుయేట్ రెసిడెన్సీ కోర్సును రూపొందించింది. బి.ఎస్సీ. నర్సింగు, 55 శాతం మార్కులు, ఏడాది దవాఖాన అనుభవం కావాలి. ఆ అనుభవం క్రిటికల్ కేర్ వార్డులో అయితే మరీ మంచిది. చదువు ఎక్కువ పాలు ఐ.సి.యు.లోనే గడుస్తుంది, పుస్తకం ముందర తక్కువ.

మన బిడ్డలకు ఇంకా దగ్గరగా ఉన్నది మిడ్‌వైఫరీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. దేశంలో అన్ని రాష్ట్రాలకంటె మనదే ఎక్కువ. కడుపు కోయకుండా కాన్పు చేయించే చెయ్యి తిరిగిన స్త్రీలు కావాలని 2017లో మన రాష్ట్రం అందరికంటె ముందు నడుం కట్టింది. యూనిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ వారి తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది డిగ్రీ కాదు. జి.ఎన్.ఎం. లేక బి.ఎస్సీ. అయి, రిజిస్ట్రేషను, కాన్పుల వార్డు అనుభవం ఉన్న నర్సును ఇంకొక మెట్టు ఎక్కించే శిక్షణ. మన ఇండ్లలో కాన్పు అనగానే 'లేడీయే కావాలె, మగ డాక్టరు వద్దు' అంటాము. ఆ లేడీ ఎక్కడినుంచి రావాలి? ఎవరో ఒకరి బిడ్డ చదివితేనే కదా!

పల్లె దవాఖానల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అని పెట్టిన పోస్టుల్లోనూ బి.ఎస్సీ. నర్సింగు వారిని తీసుకున్నారు. అంటే కొన్నిచోట్ల మన ఊరి దవాఖానలో జ్వరానికి ముందుగా చూసేది నర్సు చదువు చదివిన మనిషే. 2016లో మానుకోట జిల్లా అయింది, 2022లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఒకప్పుడు ఐ.సి.యు. అంటే వరంగల్లు ఎం.జి.ఎం.కు పరుగెత్తేవాళ్ళము. ఇప్పుడు నేర్చుకునే చోటూ, పనిచేసే చోటూ రెండూ దగ్గరికి జరిగినవి.

ఈ 'నర్స్ ప్రాక్టీషనర్' ఆలోచన ఎక్కడ పుట్టిందో ఒక మాట చెప్పాలి. అమెరికాలోని కొలరాడోలో లోరెట్టా ఫోర్డ్ అనే ఆమె పల్లెల్లో ఆరోగ్య నర్సుగా తిరిగేది. పిల్లలకు జబ్బు చేస్తే చూసేందుకు డాక్టరు దొరకడు. నర్సుకే ఇంకా చదువు చెప్పి, పిల్లల్ని పరీక్షించే అధికారం ఇస్తే ఏమి? 1965లో హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరుతో కలిసి కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదటి కోర్సు పెట్టింది. మొదట్లో డాక్టర్లూ గొణిగారు, నర్సింగు పంతుళ్ళూ గొణిగారు. ఆమె నూట నాలుగేండ్లు బతికి 2025 జనవరిలో కన్నుమూసింది. గమనించండి, పట్నం పెద్ద దవాఖానలో కాదు, డాక్టరు పోని పల్లెలో పుట్టిన ఉపాయం ఇది.

అక్కడ ఈ పై స్థాయి నర్సులు నాలుగు రకాలు. నర్స్ ప్రాక్టీషనర్, క్లినికల్ నర్స్ స్పెషలిస్టు, నర్స్ మిడ్‌వైఫ్, మత్తుమందు ఇచ్చే నర్సు. కనీసం మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, ఆపైన జాతీయ పరీక్ష నెగ్గాలి, రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. 2015 నాటికి అందరికీ డాక్టరేటే పెట్టాలని అక్కడి నర్సింగు కాలేజీల సంఘం 2004లో తీర్మానించింది గానీ అది పూర్తిగా జరుగలేదు. నర్స్ ప్రాక్టీషనర్‌కు ఈనాటికీ మాస్టర్స్ చెల్లుతున్నది. మత్తుమందు నర్సుకు మాత్రం 2022 నుంచి కొత్తగా చేరేవారందరికీ డాక్టరేటు స్థాయి చదువే. దానిలో చేరడానికి ముందు కనీసం ఏడాది క్రిటికల్ కేర్ వార్డులో చేసి ఉండాలి. ఇక్కడ ఏడాది, అక్కడా ఏడాది. ఏ దేశమైనా మొదట వార్డులో చెయ్యి తిరిగినవారినే పై మెట్టుకు రానిస్తున్నది.

అమెరికాలో కొడుకులు, అల్లుండ్లు ఉన్నవారు ఈ సభలోనూ ఉన్నారు. వారు ఒక భ్రమ వదులుకోవాలి. మన ఎం.ఎస్సీ. నర్సింగు పట్టా తీసుకొని పోతే అక్కడ నర్స్ ప్రాక్టీషనర్‌ను చేయరు. ముందుగా మన సర్టిఫికెట్లను వాళ్ళ కొలతతో సరిచూస్తారు. తరువాత ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి మామూలు నర్సుగా లైసెన్సు పొందాలి. ఆ తరువాత అక్కడి గుర్తింపు ఉన్న కోర్సే చదవాలి. గల్ఫ్ అయితే ఇంకొక తీరు. అక్కడ సర్టిఫికెట్టు నిజమైనదా అని చదివిన కాలేజీనే నేరుగా అడిగి సరిచూస్తారు. అప్పుడు బస్టాండు గోడ మీది కోర్సు సంగతి దేవుడెరుగు.

ఇక మన ఇంటి సంగతి. "మాస్టర్ సాబ్, మీరు చెప్పేది సరే. పిల్ల రాత్రి డ్యూటీకి పోతే నలుగురు ఏమంటారు? మగ రోగిని ముట్టుకోవాలె కదా? సంబంధాలు వస్తాయా?" ఈ మాటలు మేము వినని ఏడాది లేదు. అడిగేవారిని తక్కువ చేయము. బిడ్డ మీది భయంతో అడుగుతారు. కాని హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి.) గారి పేరు ఈ ఇండ్లలో ఎందుకు వినబడదో మాకు అర్థం కాదు. ప్రవక్త (స.అ.స.) వారి కాలంలో మదీనాలో ఆమె గాయపడినవారికి చికిత్స చేసేది. ఖందక్ యుద్ధంలో బాణం తగిలిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి.) గారిని మస్జిద్‌లో వేసిన ఆమె డేరాలోనే ఉంచారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1854లో తుర్కుల గడ్డ మీది దవాఖానకు దీపం పట్టుకొని వచ్చేనాటికి ఆ డేరాకు పన్నెండు వందల ఏండ్లు దాటినవి. ఢిల్లీలో జామియా హమ్దర్ద్ వారు నర్సింగు కాలేజీకి రుఫైదా పేరే పెట్టారు.

అట్లని అనుమానాలన్నీ ఒక్క పేరుతో తీరవు. చేరే ముందే అడగవలసినవి అడగండి. హాస్టలు ఎక్కడ, రాత్రి డ్యూటీ అయితే బస్సు ఇస్తారా, తల కప్పుకోవడానికి యూనిఫాంలో ఒప్పుకుంటారా. అడిగితే తప్పేమీ లేదు. ఇంకొకటి కూడా చూడండి. చదువు పెరిగిన కొద్దీ పని తీరు మారుతుంది. పాఠం చెప్పేవారికీ, అజమాయిషీ చేసేవారికీ ఎక్కువగా పగటి పనే. రాత్రి డ్యూటీకి భయపడి పిల్లను కింది మెట్టు మీద ఆపితే, ఆ రాత్రి డ్యూటీలోనే ఆమెను జీవితాంతం ఉంచినవాళ్ళమవుతాము.

ఉర్దూ మీడియం గురించి చెప్పకపోతే మా పిల్లలు మమ్మల్ని క్షమించరు. 1948కి ముందు ఉస్మానియాలో డాక్టరీ చదువే ఉర్దూలో చెప్పారు. కనుక ఉర్దూలో చదివిన బుర్రకు వైద్యం ఎక్కదనేది వట్టి మాట. మా తరగతిలో పిల్లలకు నబ్జ్ తెలుసు, జిగర్ తెలుసు, గుర్దా ఏం పని చేస్తుందో తెలుసు. పల్స్, లివర్, కిడ్నీ అనగానే తడబడతారు. విషయం తెలిసి మాటకు తడబడేవారికి ఆరు నెలల సాధన చాలును. ఎప్‌సెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు ఉర్దూలోనూ తీసుకొనవచ్చును. కాని కాలేజీలో చదువంతా ఇంగ్లీషే, విదేశమైతే ఇంగ్లీషు పరీక్ష వేరే. కావున తొమ్మిదో తరగతి నుంచే రోజుకు పది శరీర భాగాల పేర్లు, పది జబ్బుల పేర్లు రెండు భాషల్లోనూ రాయించే పద్ధతి మేము పెట్టాము. ఇంటి దగ్గర తల్లులు అడిగి చెప్పించుకుంటే మాకు సగం భారం తగ్గుతుంది. 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో ఇంగ్లీషు మీడియం ఉన్నది. బై.పి.సి. చదివించాలనుకునేవారు అటు కూడా చూడవచ్చును.

డబ్బు మాట. బి.సి.–ఇ కింద వచ్చే ముస్లిం తరగతులకు 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషను ఉన్నది, నర్సింగు సీట్లకూ వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారు అందులో లేరు. ఎవరు ఉన్నారో తహశీల్దారు ఆఫీసులో ముందే తెలుసుకొని సర్టిఫికెట్టు తీసి పెట్టుకోండి, కౌన్సెలింగు నాడు పరుగెత్తవద్దు. పై చదువుకు విదేశం పోయేవారికి మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అనేది 2015 నుంచి ఉన్నది. 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. డిగ్రీలో 60 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. అందులో నర్సింగు డిగ్రీ కూడా చెల్లుతుంది. కాని మాట జాగ్రత్తగా వినండి, డిగ్రీ. జి.ఎన్.ఎం. డిప్లొమా దానికి చాలదు. ఎం.ఎస్సీ.కి 55, దీనికి 60. కావున బి.ఎస్సీ.లో చేరిన పిల్ల 'పాస్ అయితే చాలు' అనుకుంటే ఈ రెండు తలుపులూ ఆమెకు తెలియకుండానే మూసుకుంటాయి. చదువు మధ్యలో పెండ్లి ముహూర్తం పెట్టే పెద్దలకు ఈ మాట ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. పరీక్షలయ్యేదాకా ఆగితే నిఖా ఎక్కడికీ పోదు.

మగపిల్లల తండ్రులు కూడా వినాలి. జి.ఎన్.ఎం., బి.ఎస్సీ., ఐ.సి.యు. కోర్సు, ఇవన్నీ అబ్బాయిలకూ ఉన్నవి. మగ వార్డుల్లో మగ నర్సులు కావలసినంతమంది లేరు.

ఇంతకుముందు చెప్పిన ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ రాసింది. ముప్పయి దాటకముందే జి.ఎన్.ఎం.లో చేరింది, వయస్సు 35 లోపే గనుక సీటుకు అడ్డం రాలేదు. తనకంటె పదేండ్లు చిన్న పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంటున్నది. వార్డులో సిస్టరు చెప్పకముందే ఆమె చెయ్యి పోతుందట, అందరూ ఆమెనే అడుగుతారట. పోస్ట్ బేసిక్ చేసి, తరువాత మిడ్‌వైఫరీకి పోతానంటున్నది.

ఎప్‌సెట్ దరఖాస్తులు పడ్డనాటి నుంచి ప్రతి ఆదివారం జొహర్ నమాజు తరువాత సంఘం గదిలో మేము కూర్చుంటాము. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, ఆదాయం కాగితం, ఉన్నవారు బి.సి.–ఇ సర్టిఫికెట్టు వెంట తెచ్చుకోండి. ఏ కాలేజీలో చేరాలనుకుంటున్నారో ఆ పేరు కూడా రాసుకొని రండి. దానికి గుర్తింపు ఉన్నదా లేదా అక్కడే కౌన్సిల్ జాబితాలో చూసి చెబుతాము. ఫీజు కట్టకముందు రావలసిందిగా మనవి.